బొమ్మల పుస్తకాల్లో నాన్న

ఈ పాఠం మొదలుపెట్టే ముందు ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో, మీ ఊరి అంగన్‌వాడీ కేంద్రంలోనో ఉన్న పిల్లల బొమ్మల పుస్తకాలను ఒకచోట పేర్చండి. వాటిలో నాన్న కనిపించేవి ఒక పక్కన, కనిపించనివి మరో పక్కన పెట్టండి. నాన్న ఉన్న పుస్తకాల్లో ఆయన ఏం పని చేస్తున్నాడో, నిలబడ్డాడో కూర్చున్నాడో, ఆయన ముఖం పిల్లల వైపు ఉందో లేదో ఒక కాగితం మీద రాసుకోండి. రెండు మూడు పుస్తకాలే దొరికినా ఫరవాలేదు. పాఠం మధ్యలో ఆ కాగితంతో పని ఉంటుంది.

మీలో కొందరు ఇప్పటికే తల్లిదండ్రులు. కొందరు అంగన్‌వాడీల్లో, బడుల్లో పనిచేస్తూ డిగ్రీ చదువుతున్నారు. కొందరు పగలంతా మగ్గం మీద కూర్చొని రాత్రి పుస్తకం తెరుస్తున్నారు. అందుకని ఉదాహరణలను వీలైనంతవరకు హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పరిసరాల నుంచే తీసుకున్నాను. పరీక్షకు పనికొచ్చే పేర్లు, సంవత్సరాలు కూడా ఇందులో ఉన్నాయి. అయితే అవి గుర్తుంటే చాలుననుకొని చదివితే ఈ పాఠం సగమే చదివినట్టు.

బొమ్మలున్న పుస్తకం, బొమ్మల పుస్తకం

ఈ రెండూ ఒకటి కావు. కథ పూర్తిగా మాటల్లోనే ఉండి, దానికి అలంకారంగా అక్కడక్కడ బొమ్మ వేస్తే అది బొమ్మలున్న పుస్తకం. బొమ్మ తీసేస్తే కథే కుంటుపడితే, అది బొమ్మల పుస్తకం. పిల్లల కోసం బొమ్మలతో అచ్చయిన తొలి పుస్తకాల్లో ఒకటిగా కొమీనియస్ అనే విద్యావేత్త 1658లో ప్రచురించిన ‘ఆర్బిస్ పిక్టస్’ను చెబుతారు. అది లోకంలోని వస్తువులను బొమ్మతో, పేరుతో పరిచయం చేసే పుస్తకం. బొమ్మా మాటా కలిసి కథ నడిపే పద్ధతికి ఇంగ్లండులో రాండాల్ఫ్ కాల్డెకాట్ 1878 నుంచి వేసిన పుస్తకాలు దారి చూపాయి. ఆయన పేరు మీదే అమెరికాలో 1938 నుంచి ఉత్తమ బొమ్మల పుస్తకానికి పతకం ఇస్తున్నారు.

బొమ్మకూ మాటకూ మధ్య సంబంధం ఎన్ని రకాలో మరియా నికొలాయెవా, కరోల్ స్కాట్ అనే ఇద్దరు పరిశోధకులు 2001లో వచ్చిన తమ గ్రంథంలో వివరించారు. స్థూలంగా మూడు రకాలు గుర్తుంచుకోండి. మాట చెప్పిందే బొమ్మ చూపడం ఒకటి. మాట చెప్పనిదాన్ని బొమ్మ పూరించడం రెండోది. మాట ఒకటి చెబుతుంటే బొమ్మ దానికి ఎదురు చెప్పడం మూడోది. ఈ మూడోదే అసలు రుచి. ఒక పేజీలో ‘నాన్న ఈరోజు తొందరగా ఇంటికి వచ్చాడు’ అని రాసి ఉందనుకోండి. బొమ్మలో గోడ గడియారం పది చూపిస్తోంది, పాప చాప మీద నిద్రపోయింది, తలుపు దగ్గర నాన్న చెప్పులు విడుస్తున్నాడు. అక్షరాలు రాని పిల్లవాడు బొమ్మ చూసి నాన్న ఆలస్యంగా వచ్చాడంటాడు. చదివి వినిపించే పెద్దవాళ్లు తొందరగా వచ్చాడంటారు. ఇద్దరూ సరిగ్గానే చదివారు. మిగతా రోజుల్లో ఆ నాన్న ఎన్ని గంటలకు వస్తాడన్న ప్రశ్న వాళ్లిద్దరి మధ్య పుడుతుంది. కథ అక్కడ ఉంది.

మామ ఉన్నాడు, అన్నయ్య ఉన్నాడు

తెలుగు బాలసాహిత్యంలో వినిపించే చుట్టరికాలను ఒకసారి లెక్కపెట్టి చూడండి. 1947 జూలైలో మద్రాసు నుంచి చక్రపాణి, నాగిరెడ్డి మొదలుపెట్టిన పత్రిక పేరులో ‘మామ’ ఉన్నాడు. అంతకు రెండేళ్ల ముందు, 1945లో, ‘బాల’ పత్రికను స్థాపించిన న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు పిల్లలందరికీ రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య. కథ చెప్పేది తాతయ్య, నాయనమ్మ, అమ్మమ్మ. గోరుముద్దలు తినిపిస్తూ చందమామను పిలిచేది అమ్మ. ఇంత పెద్ద బంధువర్గంలో నాన్న ఎక్కడున్నాడు?

ఉన్నాడు, కాని ఎక్కువసేపు ఉండడు. ‘అనగనగా ఒక ఊళ్లో ఒక రైతు, ఆయనకు నలుగురు కొడుకులు’ అని మొదలయ్యే కథల్లో తండ్రి చాలాసార్లు రెండో పేరాకే మంచం పడతాడు. ఒక మాట చెప్పి, ఒక చిక్కుప్రశ్న వేసి, పొలంలో ఏదో పాతిపెట్టానని చెప్పి కన్నుమూస్తాడు. కొడుకుల తెలివి బయటపడాలంటే తండ్రి పోవాలి, కథానిర్మాణం అలాంటిది. ఇక రాజుగా వచ్చిన తండ్రి కూతురికి స్వయంవరం ప్రకటిస్తాడు. పురాణాల్లోని తండ్రులు ఇంకా బరువైనవాళ్లు. దశరథుడు మాటకు కట్టుబడి కొడుకును అడవికి పంపి ప్రాణం విడుస్తాడు. హిరణ్యకశిపుడు కొడుకునే చంపబోతాడు. వీళ్లందరూ గొప్ప పాత్రలే. ఒక్కరు కూడా పిల్లవాడికి చొక్కా గుండీలు పెట్టరు.

దీనికి కారణం కథకుల తప్పని నేననుకోను. మన ఇళ్లలో తండ్రికి పిల్లలు ఎదురుగా కూర్చోవడమే అరుదుగా ఉన్న కాలంలో పుట్టిన కథలవి. చనువు మేనమామది, గారాబం తాతది, భయం నాన్నది అని పనులు పంచుకున్న ఇంట్లో, పిల్లల పత్రికకు పేరు పెట్టమంటే ఎవరైనా మామ పేరే పెడతారు.

ఆ గోడకు కిటికీ పెట్టినవాడు బుడుగు. ముళ్లపూడి వెంకటరమణ రచన, బాపు బొమ్మ. 1956–57లో ఆంధ్రపత్రిక వారపత్రికలో వచ్చింది. బుడుగు అమ్మానాన్నలు రాధా గోపాళం. పిల్లవాడు వాళ్లను పేర్లతో పరిచయం చేయడంతోనే నాన్న పీటమీద నుంచి కిందికి దిగుతాడు. గోపాళం చట్టం చేసే తండ్రి కాడు, ఇంట్లో మిగతావాళ్లలాగే ఒక మనిషి. నిర్వచనం ప్రకారం బుడుగు బొమ్మల పుస్తకం కాదు, బొమ్మలున్న పుస్తకం. అయినా బాపు గీత లేని బుడుగును ఎవరైనా ఊహించగలరా అన్నది మీరు చర్చించుకోదగ్గ ప్రశ్న.

పైకప్పు మీది తండ్రి, గుంటలో కూర్చున్న తండ్రి

ఇప్పుడు పుస్తకం పక్కన పెట్టి మన చుట్టూ చూద్దాం. బొమ్మలతో కథ చెప్పడం ఈ ప్రాంతానికి కొత్త విద్యేమీ కాదు.

హిందూపురానికి పదిహేను కిలోమీటర్ల దూరంలో లేపాక్షి ఉంది. వీరభద్రాలయం 16వ శతాబ్దంలో, అచ్యుతదేవరాయల కాలంలో, పెనుకొండ కేంద్రంగా అధికారంలో ఉన్న విరూపణ్ణ సోదరులు కట్టించినది. వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూసి వచ్చేసేవాళ్లు ఎక్కువ. ఈసారి వెళ్లినప్పుడు తల ఎత్తి మండపం పైకప్పు చూడండి. అక్కడి చిత్రాల్లో మనునీతి చోళుని కథ ఒకటి. రాజకుమారుని రథం కింద పడి ఒక దూడ చచ్చిపోతుంది. తల్లి ఆవు వచ్చి రాజుగారి న్యాయఘంట మోగిస్తుంది. రాజు తన కొడుకుకు అదే శిక్ష వేస్తాడు. చివరికి దైవం కరుణించి దూడనూ కుమారుణ్నీ బతికిస్తుంది. మనకు ఇంత దగ్గరలో ఉన్న బొమ్మల కథలో తండ్రి న్యాయమూర్తి. ఆవు వైపు చూస్తే ఆయన ధర్మాత్ముడు. కొడుకు వైపు నుంచి చూస్తే ఎలా ఉంటాడో ఆ చిత్రకారుణ్ని ఎవరూ అడగలేదు. ఇంకొకటి: ఆ తండ్రిని చూడాలంటే పెద్దవాళ్లకు కూడా మెడ నొప్పి పుడుతుంది. తండ్రిని పైన పెట్టి చూపించడమంటే అక్షరాలా అదే.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల ఊరు. మేకతోలును పలచగా శుభ్రంచేసి, గీత గీసి, ఉలితో సన్నని రంధ్రాలు కొట్టి, రంగులు అద్ది తెర వెనక దీపం ముందు నిలబెడితే బొమ్మలో నుంచి వెలుతురు వస్తుంది. ఈ కళాకారుల్లో ఒకరైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఇప్పుడు రాత్రంతా సాగే ఆటలు తగ్గి, అదే తోలుతో దీపపు బుడ్డీలు, గోడ బొమ్మలు చేసి అమ్ముకోవడమే ఎక్కువైంది. మన పాఠానికి ముఖ్యమైన విషయం వేరే ఉంది. ఈ పని ఇంటిల్లిపాదిదీ. గీత ఒకరిది, రంధ్రం ఒకరిది, రంగు ఒకరిది. అక్కడ పిల్లలు తండ్రిని బొమ్మలో చూడరు, బొమ్మ వేస్తుండగా చూస్తారు. తెర మీద దశరథుడు మూర్ఛపోతుంటే, తెర వెనక ఆ దశరథుణ్ని చేత్తో పట్టుకొని పాడుతున్నది తమ నాయన. బొమ్మా మాటా ఎదురుబదురు కావడమంటే ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు ఏ పాశ్చాత్య గ్రంథంలోనూ దొరకలేదు.

మూడోది ధర్మవరం మగ్గం. గుంట మగ్గం మీద నేసేవాడి కాళ్లు గుంటలో ఉంటాయి, నడుము నేల మట్టానికి దగ్గరగా ఉంటుంది. మూడేళ్ల పిల్లవాడు వచ్చి పక్కన నిలబడితే నాయన ముఖం వాడి ముఖానికి సమానంగా వస్తుంది. అచ్చయిన బొమ్మల పుస్తకాల్లో తండ్రిని సాధారణంగా పొడవుగా, కింది నుంచి పైకి చూసినట్టు వేస్తారు. చిత్రకారులు పిల్లవాడి కంటితో చూస్తున్నామని చెబుతారు. నేతగాడి ఇంట్లో పిల్లవాడి కన్ను వేరే చోట ఉంది. వాడు నాయనను రోజులో ఎక్కువ గంటలు ఎదురుగానో, పైనుంచో చూస్తాడు. నాడె ఎడమకూ కుడికీ పోతుంటే దానితో పాటే కళ్లు తిప్పుతాడు. పాపకు కండెలు అందించడం వస్తుంది. ఆ కోణం నుంచి వేసిన నాన్న బొమ్మ నేను చూసిన పుస్తకాల్లో లేదు.

మీరు మొదట్లో రాసుకున్న కాగితం ఇప్పుడు తీయండి. మీ పుస్తకాల్లో నాన్న నిలబడ్డాడా, కూర్చున్నాడా? కూర్చుంటే కుర్చీలోనా, నేల మీదా? చేతిలో ఏముంది? చాలామంది కాగితాల మీద పేపరు, ఆఫీసు సంచి, స్కూటరు, మిఠాయి పొట్లం వంటివి ఉంటాయని నా అంచనా. హిందూపురం మార్కెట్టుకు పట్టుగూళ్లు తెచ్చే తండ్రి, పట్టుపురుగుకు మల్బరీ ఆకు వేయడానికి రాత్రి లేచే తండ్రి, చింతపండు వ్యాపారంలో బస్తాలు మోసే తండ్రి, పెనుకొండ దగ్గర ఎర్రమంచి కార్ల కర్మాగారానికి షిఫ్టుకు పోయే తండ్రి మీ జాబితాలో ఉంటే ఆ పుస్తకం పేరు తప్పకుండా మాకు రాయండి.

రూడీన్ సిమ్స్ బిషప్ అనే అమెరికన్ ఆచార్యురాలు 1990లో రాసిన ఒక వ్యాసంలో పిల్లల పుస్తకాలను అద్దాలతో, కిటికీలతో పోల్చారు. పిల్లవాడికి తన బతుకు కనిపించే పుస్తకం అద్దం. ఇతరుల బతుకు కనిపించేది కిటికీ. నల్లజాతి పిల్లలకు అద్దాలు దొరకడం లేదన్నది ఆమె బాధ. మన పిల్లలకు కిటికీలు కొన్ని దొరుకుతున్నాయి. అద్దాల సంగతి మీ కాగితమే చెబుతుంది. అద్దం లేకపోతే ఏమవుతుంది అని మీరు అడగవచ్చు. బడిలో ‘మా నాన్న’ అని బొమ్మ వేయమంటే, మగ్గం ముందు నుంచి లేచి వచ్చిన పిల్లవాడు కూడా సూటూ బూటూ వేసుకున్న మనిషిని గీసి ఇస్తాడు. బొమ్మంటే అలా ఉండాలని వాడు నేర్చుకున్నాడు. తన నాయన బొమ్మకు తగడని కూడా దానితో పాటే నేర్చుకున్నాడు. నాకు ఇది చిన్న విషయంగా కనబడదు.

బయటి పుస్తకాలు కొన్ని

కిటికీలు కూడా కావాలి కనుక ఇతర దేశాల పుస్తకాలు కొన్ని చూద్దాం. వీటిలో ఒకదాని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

ఆంథొనీ బ్రౌన్ అనే ఇంగ్లీషు చిత్రకారుడు 1983లో ‘గొరిల్లా’ అనే పుస్తకం వేశాడు. హానా అనే పాపకు గొరిల్లాలంటే ప్రాణం. నాన్నకు తీరిక లేదు. పొద్దున బల్ల దగ్గర ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్న బొమ్మలో నాన్న ముఖం పత్రిక వెనక ఉంటుంది. వంటగది రంగులన్నీ చల్లగా, నీలంగా ఉంటాయి. పాప మీద మాత్రమే కాస్త వెచ్చని రంగు. ఎక్కడా ‘ఆ ఇంట్లో ప్రేమ కరువైంది’ అని రాయలేదు. రాత్రి బొమ్మ గొరిల్లా పెద్దదై, నాన్న కోటూ టోపీ తొడుక్కుని పాపను జంతుప్రదర్శనశాలకు తీసుకుపోతుంది. తెల్లవారాక నాన్న తనంతట తానే వెళ్దామా అంటాడు. ఆ బొమ్మలో నాన్న వెనక జేబు చూడండి: అక్కడ ఒక అరటిపండు ఉంది. మాటల్లో దాని ప్రస్తావన లేదు. పెద్దవాళ్లు దాటిపోయే ఆ పండును పిల్లలు పట్టుకుంటారు. రాత్రి వచ్చింది నాన్నేనా, నాన్నలో గొరిల్లా ఉన్నాడా అని వాదులాడుకుంటారు. బాధ్యత మరిచిన తండ్రిని తిట్టకుండా, క్షమించినట్టు నటించకుండా, ఒక అరటిపండుతో కథ ముగించిన పుస్తకం అది. ఆ సంవత్సరానికి ఇంగ్లండులో బొమ్మల పుస్తకాలకిచ్చే కేట్ గ్రీనవే పతకం దానికి వచ్చింది.

అదే బ్రౌన్ 2000లో ‘మై డాడ్’ వేశాడు. ఆయన పదిహేడో ఏట తండ్రి చనిపోయాడు. చాలా ఏళ్ల తర్వాత ఒక పెట్టెలో తండ్రి ఇంట్లో వేసుకునే గళ్ల పైకోటు దొరికింది. ఆ పుస్తకంలో తండ్రి చేపలా ఈదినా, గుర్రంలా తిన్నా ఆ గళ్ల బట్ట వదలదు. బట్టలో మనిషి గుర్తుండిపోవడం నేతవాళ్ల ఊరికి వివరించనక్కర్లేదు.

ఎరిక్ కార్ల్ 1986లో వేసిన పుస్తకంలో పాప చందమామను తెచ్చిమ్మంటుంది. నాన్న పొడవాటి నిచ్చెన తెచ్చి ఎత్తయిన కొండ మీద వేస్తాడు. నిచ్చెన కోసం పుస్తకం పేజీలు మడత విప్పుకొని పొడవవుతాయి. మనకు ఇదే కోరిక బాలరాముడిది. అక్కడ అద్దంలో చందమామను చూపి సరిపెట్టారు. అద్దం తెచ్చింది ఎవరన్నది ఒక్కొక్కరు ఒక్కోలా చెబుతారు కాని దశరథుడు నిచ్చెన వేశాడని ఎవరూ చెప్పరు. జేన్ యోలెన్ రాసిన ‘ఔల్ మూన్’ 1987లో వచ్చింది. ఇందులో తండ్రీ పిల్లా మంచు రాత్రి గుడ్లగూబను వెతుక్కుంటూ అడవికి పోతారు. చప్పుడు చేయకూడదు కనుక దారంతా మాటలుండవు. మాట్లాడని నాన్నంటే కోపంగా ఉన్నాడనే అనుకునే పిల్లలకు ఈ పుస్తకం చూపించాలి. పుస్తకానికి బొమ్మలు వేసిన జాన్ షోన్‌హర్‌కు 1988లో కాల్డెకాట్ పతకం వచ్చింది.

మన దేశంలో చెన్నైలోని తూలిక ప్రచురించిన నీనా సబ్నానీ పుస్తకం ‘ముకుంద్ అండ్ రియాజ్’లో నాన్న పిల్లవాడిగా కనిపిస్తాడు. దేశవిభజనలో స్నేహితుణ్ని వదిలి రావలసి వచ్చిన తన తండ్రి జ్ఞాపకాన్ని ఆమె బట్టముక్కలు అతికి కుట్టిన తీరు బొమ్మలతో చెప్పారు. నాన్నకూ ఒకప్పుడు ఎనిమిదేళ్లుండేవని తెలియడం పిల్లలకు వింతగా ఉంటుంది.

మీ ప్రగతిని పరిశీలించుకోండి: ‘గొరిల్లా’లో అరటిపండు బొమ్మ పైన చెప్పిన మూడు సంబంధాల్లో దేని కిందికి వస్తుంది? ‘రెండోది’ అని రాసినా, ‘మూడోది’ అని రాసినా కారణం చెప్పగలిగితే మార్కులు ఉంటాయి.

ఏమని పిలవాలి?

అచ్చు పుస్తకంలో ఎక్కడ చూసినా ‘నాన్న’. మన దగ్గర పిల్లలు ‘నాయనా’ అంటారు. కన్నడంతో చుట్టరికం ఉన్న ఇళ్లలో ‘అప్పా’ అంటారు. ముస్లిముల ఇళ్లలో ‘అబ్బా’. తెలంగాణ పిల్లలకు ‘బాపు’. ఇంతలో మన సీమలోనే కొన్ని ఇళ్లలో ‘అబ్బ’ అంటే తాత. ఒకే వీధిలో ఒక పిల్లవాడి అబ్బా మరో పిల్లవాడికి అబ్బ వయసువాడు కాకపోవచ్చు!

ఇది యాస సమస్య మాత్రమే కాదు, అనువాద సమస్య కూడా. సామ్ మెక్‌బ్రాట్నీ రాసిన ‘గెస్ హౌ మచ్ ఐ లవ్ యూ’ (1994)లో ఒక పెద్ద కుందేలు, ఒక చిన్న కుందేలు తమలో ఎవరికి ప్రేమ ఎక్కువో పోటీపడతాయి. రచయిత మనసులో అవి తండ్రీకొడుకులు. పుస్తకంలో ‘తండ్రి’ అన్న మాట మాత్రం లేదు. ఇంగ్లీషులో మగవాడిని సూచించే సర్వనామంతో సరిపోయింది. తెలుగులో కుందేలు ‘అది’ అవుతుంది. మగ గుర్తు పోతుంది. ముద్దులాడుతోంది కనుక అమ్మే అయి ఉంటుందని చదివేవారు అనుకుంటారు. అనువాదకుడు ‘నాన్న కుందేలు’ అని తెగించి రాయాలి. రాయకపోతే ఒక నాన్న మాయమవుతాడు, అది కూడా ముద్దు చేసే నాన్న. నన్నడిగితే తెగించమంటాను.

మీరు చేయగలిగిన పని ఒకటుంది. బెంగళూరు కేంద్రంగా 2004లో మొదలైన ప్రథమ్ బుక్స్, 2015లో ‘స్టోరీవీవర్’ అనే వేదికను తెరిచింది. అందులోని బొమ్మల కథలను ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, మరో భాషలోకో తమ మాండలికంలోకో మార్చుకోవచ్చు. మూల రచయిత పేరు, చిత్రకారుని పేరు చెప్పడమే షరతు. ‘నాన్న’ ఉన్న చోట ‘నాయన’ అని మార్చి మీ అంగన్‌వాడీలో చదివి చూడండి. మొదట పిల్లలు నవ్వుతారు. పుస్తకంలో ఆ మాట ఉండగలదని వాళ్లకు ఇంతవరకు తెలియదు.

ఇంట్లో లేని నాన్న

ఇక్కడ కొంచెం జాగ్రత్తగా నడవాలి. హిందూపురం నుంచి బెంగళూరు వంద కిలోమీటర్లు. సోమవారం వెళ్లి శనివారం వచ్చే తండ్రులున్నారు. పండగకు మాత్రమే వచ్చేవాళ్లున్నారు. చనిపోయినవాళ్లున్నారు, విడిపోయినవాళ్లున్నారు, ఇంట్లో ఉండి తాగి కొట్టేవాళ్లూ ఉన్నారు. ముప్పైమంది పిల్లల ముందు నాన్న పుస్తకం తెరిచినప్పుడు ఇవన్నీ ఆ గదిలో ఉంటాయి.

మారిస్ సెండాక్ 1981లో వేసిన ‘ఔట్‌సైడ్ ఓవర్ దేర్’ మొదటి పేజీలోనే నాన్న సముద్రం మీద ఉన్నాడని చెబుతుంది. అమ్మ దిగులుగా చెట్టు నీడన కూర్చుంటుంది, చిన్నచెల్లెలి భారం అక్క మీద పడుతుంది. చివర్లో నాన్న నుంచి ఉత్తరం వస్తుంది, నాన్న రాడు. పిల్లల పుస్తకానికి ఇంత బరువేమిటని విమర్శించినవాళ్లున్నారు. ఇంటి బాధ్యత ఎనిమిదో ఏటే మోసే అక్కలున్న ఊళ్లలో ఆ విమర్శకు అర్థం లేదు.

తండ్రి లేని పిల్లవాడు తరగతిలో ఉన్నాడని నాన్న పుస్తకాలను అల్మారాలో దాచే ఉపాధ్యాయులను చూశాను. వాళ్ల ఉద్దేశం మంచిదే. నా అభిప్రాయం వేరు. పుస్తకం దాచినంత మాత్రాన బస్‌స్టాండులో, జాతరలో మిగతా పిల్లల నాన్నలు కనిపించకుండా పోరు. చేయకూడని పని వేరొకటి ఉంది. పుస్తకం మూసిన వెంటనే ‘ఇప్పుడు మీ నాన్న గురించి చెప్పండి’ అని వరుసగా లేపడం. కథలో నాన్న గురించి అడగండి: ఆయన ఎందుకు ఆలస్యంగా వచ్చాడు, జేబులో ఏముంది, పాప ఎందుకు మాట్లాడలేదు. కథ వెనక దాక్కొని మాట్లాడే వీలు పిల్లలకు దొరుకుతుంది. తన సొంత సంగతి చెప్పాలనుకున్న పిల్లవాడు చెబుతాడు, లేకపోతే లేదు. అలాగే మామ పెంచే ఇల్లు, తాత పెంచే ఇల్లు ఉన్న పుస్తకాలూ అదే అరలో ఉండాలి. ఆ పుస్తకాలను ‘నాన్న లేనివాళ్ల పుస్తకాలు’ అని మాత్రం పిలవకండి.

అక్షరం రాని నాన్న

చివరి అడ్డంకి తండ్రిదే. పిల్లలకు పుస్తకం చదివి వినిపించమంటే ‘నాకు చదువు రాదు సారూ, వాళ్లమ్మనడగండి’ అనే తండ్రులు ఎక్కువ. ఆ మాటలో బిడియం ఉంది, కొంచెం నొప్పి ఉంది.

ఈ నొప్పికి మాటల్లేని బొమ్మల కథ ఒక మందు. జర్మనీలో ఎరిక్ ఓజర్ అనే వ్యంగ్యచిత్రకారుడు 1934 నుంచి 1937 వరకు ఒక బెర్లిన్ వారపత్రికలో ‘తండ్రీ కొడుకు’ అనే బొమ్మల వరుసలు వేశాడు. బట్టతల, గుబురు మీసం, బొజ్జ ఉన్న తండ్రి. చింపిరి జుట్టు కొడుకు. మాటలు దాదాపు లేవు. తండ్రి కోప్పడతాడు, కొడుకుతో కలిసి తానూ అల్లరి చేస్తాడు, ఓడిపోతాడు. నాజీలను ఎగతాళి చేసే బొమ్మలు వేసినందుకు ఓజర్‌కు సొంత పేరుతో పనిచేసే వీలు లేకపోయింది, అందుకే ‘ఇ. ఓ. ప్లావెన్’ అన్న మారుపేరు. 1944లో ప్రభుత్వ వ్యతిరేక మాటలన్నాడని అరెస్టు చేశారు. విచారణకు ముందు రాత్రి జైలులోనే ప్రాణం తీసుకున్నాడు. ఆ బొమ్మలు ఈనాటికీ ఏ భాషవాడికైనా నవ్వు తెప్పిస్తున్నాయి. వాటిని ‘చదవడానికి’ వర్ణమాల అక్కర్లేదు.

పైగా మన నేతగాళ్లు బొమ్మ చదవడంలో నిరక్షరాస్యులు కారు. చీర అంచు డిజైను ముందుగా గళ్ల కాగితం మీద పడుతుంది. గడి గడినీ లెక్కపెట్టి జకార్డు అట్టలకు రంధ్రాలు కొడతారు. రంధ్రం ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. అట్టల వరుస చూసి అంచు మీద నెమలి ఎక్కడ మెడ తిప్పుతుందో చెప్పగల మనిషికి, పదహారు పేజీల బొమ్మల కథ వరుస తప్పకుండా చెప్పడం కష్టమా? ‘చదవండి’ అని అడగకుండా ‘ఈ బొమ్మల్లో ఏం జరుగుతోందో పాపకు చెప్పండి’ అని అడగండి. తేడా మీరే చూస్తారు. నిమ్మలకుంట తోలుబొమ్మకూ, ధర్మవరం పట్టుచీరకూ బొమ్మ పుట్టేది రంధ్రంలో నుంచే అని ఇది రాస్తుండగా తట్టింది. పాఠానికి సంబంధం లేకపోయినా ఉంచేస్తున్నాను.

అభ్యాసం

ఒక పెద్ద డ్రాయింగు కాగితాన్ని మూడుసార్లు సగానికి మడవండి. అంచులు కత్తిరించి నడుమ దారంతో కుట్టితే ఎనిమిది ఆకులు, పదహారు పేజీల పుస్తకం తయారవుతుంది. అచ్చు బొమ్మల పుస్తకాలు చాలావరకు ముప్పైరెండు పేజీలు ఉండడానికి కారణం కూడా ఈ మడతల లెక్కే.

మీకు బాగా తెలిసిన ఒక తండ్రి ఒక రోజును అందులో బొమ్మలుగా వేయండి. ఆయన మీ నాన్న కావచ్చు, పొరుగాయన కావచ్చు, మీరే కావచ్చు. బొమ్మ సరిగా రాకపోతే పిల్లల చేత వేయించండి. పేజీకి ఒక వాక్యం మించకూడదు. మాటల్లేకుండా చేసినా సరే. కనీసం ఒక పేజీలో మాట చెప్పని విషయం బొమ్మ చెప్పాలి. ఆ తండ్రిని పిల్లలు ఇంట్లో ఏమని పిలుస్తారో పుస్తకంలో అదే మాట రాయండి. పూర్తయ్యాక మొదట ఆయనకు చూపించండి. ఆయన ఏ పేజీ దగ్గర ఆగాడో, ఏది తప్పన్నాడో విడిగా రాసి జతచేయండి. నేతపని, పట్టుపురుగుల పెంపకం, మరే పనైనా సరే, పనిముట్టు బొమ్మ తప్పుగా పడితే ఆయన ఊరుకోడు; దిద్దించుకొని మళ్లీ వేయండి. అట్ట మీద పుస్తకం పేరు కింద మాట ఎవరిదో, బొమ్మ ఎవరిదో, దిద్దింది ఎవరో మూడు పేర్లూ ఉండాలి.